దొరకు ముందు గది

జూన్ 4

చిన్నాన్న గారికి,

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా నా గొంతు వినగానే పెట్టేస్తారు. అందుకే ఉత్తరం. ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా మొదటే చెప్పేస్తాను. నాన్న కుక్క దొర బతికే ఉన్నాడు. నా దగ్గరే ఉన్నాడు. నేనూ అమ్మా ఉండేది మూడో అంతస్తులో. ఇలాగే మెట్లెక్కి దిగుతుంటే వానలు తగ్గేలోపు వెనక కాళ్లు పూర్తిగా పడిపోతాయని పశువుల డాక్టరు చెప్పారు. మెట్లు లేని చోటు కావాలి. మన కుటుంబంలో అలాంటి చోటు ఒక్కటే ఉంది. కలప అడితిలో మీరు కూర్చునే ముందు గది.

మీకు చదవడం రాదు కాబట్టి ఈ ఉత్తరం గుమాస్తా గారు చదువుతారు. ఆయనకు చెవుడు కాబట్టి గట్టిగానే చదువుతారు. గుమాస్తా గారూ, నమస్కారం. ఇక్కడి నుంచి ఇంకాస్త గొంతు పెంచండి. కోతమిషను నడిపే పెద్దాయనకు కూడా వినబడాలి.

దొరను ఎవరో తోటలున్న ఆసామి ముచ్చటపడి తీసుకెళ్లాడని మీరు అడితిలో అందరికీ చెప్పారు. పెద్దాయన నమ్మాడు. నేనూ నమ్మాను. వీధి కుక్కలను చేరదీసే షెల్టర్ ఒకటుంది. మనుషుల కీళ్లకు వ్యాయామం చేయిస్తావు కదా, మా ముసలివాటినీ చూసిపెట్టు అని అక్కడివాళ్లు అడిగితే సెలవు రోజుల్లో వెళ్తున్నాను. ఒక మూల గోడకు ఆనుకుని ఒక కుక్క. మెడ చుట్టూ వెంట్రుకలు లేవు, గొలుసు ఒరుసుకున్న చార మిగిలింది. ఎందుకో నోట్లోంచి 'దొరా' అని వచ్చేసింది. లేవబోయాడు. ముందు కాళ్లు లేచాయి, వెనక భాగం లేవలేదు. తోక మాత్రం నేలను కొడుతూనే ఉంది. కలప లారీలోంచి దింపేసి వెళ్లిపోయారని చూసినవాళ్లు చెప్పారట.

నాన్న దుంగల కింద దొరికిన కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. అందరికంటే ఎత్తయిన దుంగ ఎక్కి కూర్చునేవాడని దొర అని పేరు పెట్టాడు. నాన్న పోగానే మీరు వాడిని గొలుసుతో కట్టారు. లేచి, ఒక్క చుట్టు తిరిగి, మళ్లీ పడుకోవడానికి సరిపోయేంత గొలుసు. కింద సిమెంటు. అన్నేళ్లు అలా ఉన్న కుక్కకు కీళ్లు అరగక ఏం చేస్తాయి? ఇప్పుడు వాడి తొడ పట్టుకుంటే ఎముక చేతికి తగులుతుంది. కండ కరిగిపోయింది. ముందు భాగం దొరదే, వెనక భాగం మాత్రం ఎవరిదో ఎండిపోయిన కుక్కది తెచ్చి అతికించినట్టుంది.

ముందు గది నాన్న వాటా. మీకు తెలుసు, అడితిలో అందరికీ తెలుసు. నేను ఇంతవరకు అడగలేదు. ఇప్పుడు దొర కోసం అడుగుతున్నాను. వాడు ఆ గదిలో మీ ఎదురుగా పడుకోవాలి. వాడికి సేవ మీరే చేయాలి. పనివాళ్ల చేత కాదు, మీ చేతులతో.

మీ అన్న కూతురు


జూన్ 9

అమ్మాయ్,

నువ్వు రాసింది గుమాస్తా చదివాడు. చదివాడో చాటింపు వేశాడో నాకు తెలియదు. కోతమిషను ఆగిపోయింది. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆఖరి ముక్క దాకా విని, నా మొహంలోకి ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం లేదు. పని చేస్తున్నాడు, అంతే. కడుపు నిండిందా నీకు?

(గుమాస్తా మనవి: నేను మామూలుగానే చదివాను తల్లీ.)

నేను చదువుకోలేదు గానీ చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చోలేదు. కుక్క ఒక సాకు. ముందు గది రోడ్డు మీదికి ఉంది, బోర్డు తగిలించుకోవడానికి బాగుంటుంది. కీళ్ల డాక్టరమ్మ అని. కావాలంటే సూటిగా అడగొచ్చుగా? నీ వాటా నేనేమైనా మింగేశానా? కుక్కను అడ్డం పెట్టుకుని నలుగురిలో నా పరువు తీయడం దేనికి? ఇదేనా మీ కాలేజీలో నేర్పింది?

మొన్నమొన్ననే ఆ గది నేలకు కొత్త పలకలు వేయించాను. అద్దంలా ఉన్నాయి, వంగితే మొహం కనబడుతుంది. దాని మీద కుక్కను పడుకోబెట్టమంటావు. బేరానికి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలి, దాని పక్కనా?

లారీ సంగతంటావా. లేవలేని కుక్క అడితికి కాపలా ఏం కాస్తుంది? ఎక్కడైనా మంచి చోట దింపమని లారీవాడితో చెప్పాను. వాడు ఏ చోట దింపాడో నాకు తెలియదు.

(గుమాస్తా మనవి: ఇక్కడ అయ్యగారు లేచి వెనక షెడ్డు దాకా వెళ్లి వచ్చారు. నేను కలం పట్టుకునే కూర్చున్నాను.)

వెనక షెడ్డులో పెడతాను. తిండి పెట్టిస్తాను. ఆ మాట మీద నిలబడతాను. ఇక రాయకు.

చిన్నాన్న


జూన్ 13

చిన్నాన్న గారికి,

రాయకు అన్నారు కాబట్టి వెంటనే రాస్తున్నాను.

బోర్డు లేదు, క్లినిక్ లేదు. నాకు ఆసుపత్రిలో ఉద్యోగం ఉంది, అది చాలు. మీ గదిలో నేను అడుగు కూడా పెట్టను. అక్కడుండాల్సింది దొర ఒక్కడే. వెనక షెడ్డులో సిమెంటే, చెమ్మే. అక్కడ ఏళ్ల తరబడి పడుకునే వాడు ఇలా తయారయ్యాడు. షెడ్డు మాట ఇంకోసారి ఎత్తకండి.

మీ అద్దం పలకల మీద గోనెపట్టాలు పరవండి. మొత్తం, గుమ్మం నుంచి మీ బల్ల దాకా. నున్నటి నేల మీద వాడి కాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి. ఒక్కసారి పడ్డాడంటే మళ్లీ లేవడానికి వాడికి ధైర్యం చాలదు. మీ మొహం చూసుకోవడానికి ఇంట్లో అద్దం ఉంటుంది, అందులో చూసుకోండి.

నాకు ఎందుకింత కడుపుమంటో తెలుసా? దొర ఒక్కడి కోసమే కాదు. నాన్న మంచాన పడ్డ ఏడాదంతా మీరు రోజూ మా ఇంటి ముందు నుంచే అడితికి వెళ్లారు. గుమ్మం దాకా వచ్చేవారు. 'ఎలా ఉన్నాడు వదినా' అని అమ్మను అడిగేవారు. లోపలికి మాత్రం ఒక్కనాడూ రాలేదు. నాన్న మంచం మీద నుంచి మీ గొంతు విని తల ఇటు తిప్పేవాడు. ఆ మంచం కింద ఎవరు పడుకున్నారో తెలుసా? మీరు లారీ ఎక్కించినవాడు. నిలబడగలిగినంత కాలమే మనుషులైనా కుక్కలైనా మీకు. పడిపోతే లారీ.

ఇంకో మాట. మీ మోకాళ్లకూ వాడి తుంటి కీళ్లకూ వచ్చింది ఒకే జబ్బు చిన్నాన్నా. పేరు కూడా ఒకటే. మీరేమో మాత్ర మింగి మెత్తటి పరుపు మీద పడుకున్నారు. అదే నొప్పికి వాడికి మీరిచ్చిన మందు గొలుసు. రేపు మీ మోకాళ్లు పూర్తిగా పోతే మిమ్మల్ని ఏ లారీ ఎక్కించాలో ఇప్పుడే చెప్పి ఉంచండి. మంచి చోట దింపమని నేను చెప్తాను.

గుమాస్తా గారూ, ఈ పేరా రెండుసార్లు చదవండి.

మీ అన్న కూతురు


జూన్ 18

అమ్మాయ్,

రెండుసార్లు చదివాడు. నేను వద్దన్నా చదివాడు.

(గుమాస్తా మనవి: వద్దన్నది వినబడలేదు.)

పంపించు. గోనెపట్టాలు పరిపించాను. ఒక పాత పరుపు కూడా వేయించాను. మేడల మీద మేడలు కట్టే మేస్త్రీ ఒకడు గుమ్మాలకు కలప చూసుకుందామని వచ్చాడు. ఏమిటండీ గదిని ధాన్యం కొట్టు చేశారు అని నవ్వాడు. మా అన్న కుక్క వస్తోంది అన్నాను. అంతే అన్నాను. నవ్వు ఆపేశాడు.

బోర్డు వద్దని నువ్వెంత బుకాయించినా నాకు తెలుసు. ఇవాళ కాకపోతే రేపు అడుగుతావు. గోడకు మేకు కొట్టించి ఉంచాను. రోగులు కూర్చోవడానికి రెండు కుర్చీలు కూడా చేయించాను, మంచి టేకు. నీకు మాట తప్పే మనిషిలా కనబడతానేమో గానీ, వాటా ఎగ్గొట్టే మనిషిని కాను.

మీ నాన్న సంగతి ఉత్తరంలో రాయకు. అది గుమాస్తా చదవాల్సిన సంగతి కాదు.

కుక్కతో పాటు ఏం చేయాలో రాసి పంపు. చెప్పింది చెప్పినట్టు చేస్తాను. నాకు చదువు లేకపోయినా చేతులున్నాయి.

చిన్నాన్న


జూన్ 23

చిన్నాన్న గారికి,

ఈ ఉత్తరం తెచ్చిన వ్యానులోనే దొర ఉన్నాడు. దింపేటప్పుడు చంకల కింద పట్టి లాగకండి. పొట్ట కింద తువ్వాలు పెట్టి, రెండు కొసలూ పైకి పట్టుకుని, వెనక భాగం బరువు మీరు మోయండి. నడక వాడే నడుస్తాడు.

నేను రాలేదు. రానని ముందే చెప్పాను. మీ గుమ్మం దగ్గర నిలబడి 'ఎలా ఉన్నాడు' అని అడిగే వంతు నాకొద్దు. మీ కుర్చీల్లో మీరే కూర్చోండి. దయచేసి ఆ మేకు పీకించండి. చూసినవాళ్లు నిజంగానే నేను గది కోసం కుక్కను తోలానని అనుకుంటారు. అలా అనుకోవాలనే కదా మీరు కొట్టించింది?

చేయాల్సినవి. పొద్దున్నే వేడినీళ్ల సీసా తువ్వాల్లో చుట్టి తుంటి మీద పెట్టండి. ముందు మీ చేతి మీద పెట్టి చూసుకోండి, మీకు హాయిగా ఉంటేనే వాడికి. తర్వాత తొడలు పిసకండి. పిండి కలిపినట్టు కాదు, తడి మట్టిని సర్దినట్టు. మొదట్లో వణుకుతాడు, ఆపకండి. ఆ తర్వాత మీ దగ్గరున్న సన్నటి చెక్క రీపర్లు నేల మీద వరసగా, మధ్యలో కాస్త ఎడం ఉంచి పెట్టి, వాటిని ఒక్కొక్కటే దాటించండి. కాలు ఎత్తి దాటితేనే తొడకు కండ పడుతుంది. తొందర పెట్టకండి. పరుగు అసలే వద్దు. తిండి గిన్నె పీట మీద పెట్టండి. బరువు పెరగనివ్వకండి. గోళ్లు పెరగనివ్వకండి. సాయంత్రం వీధి చివరి దాకా మెల్లగా నడిపించండి. అందరూ చూసే వేళలోనే. అది కుక్క కోసం కాదు, నా కోసం.

డాక్టరిచ్చిన నొప్పి మందు పొట్లంలో ఉంది. పొద్దున తిండితో పాటే ఇవ్వాలి.

చేయలేనప్పుడు చెప్పండి. వచ్చి తీసుకుపోతాను. అప్పుడు అడితి మొత్తానికి మీరేమిటో తెలుస్తుంది.

మీ అన్న కూతురు


జులై 2

అమ్మాయ్,

నీ ఇష్టం వచ్చినట్టే అంతా జరుగుతోంది. పిసుకుతున్నాను. మొదట్లో చెయ్యి వేస్తే వణికాడు, గుర్తుపట్టే వణికాడనుకుంటా. ఇప్పుడు కాసేపటికి వణుకు ఆగి మెడ చాపుతున్నాడు. రీపర్లు పెద్దాయన చిత్రిక పట్టి ఇచ్చాడు, ముళ్లు గుచ్చుకోకుండా. మాట మాత్రం ఆడలేదు, తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి పోయాడు. మూడోది దాటేటప్పుడు దొర నా వైపు చూస్తాడు. శభాష్ అనాలి. అనకపోతే నాలుగోది దాటడు, మొండి వెధవ. వీధిలో నడుస్తుంటే నా మోకాలూ వాడి తుంటీ ఒకే తాళంలో వంకర పోతున్నాయని కొట్టువాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ. వాళ్లకూ రావాలి, తెలుస్తుంది.

నువ్వు అడక్కపోయినా చెప్తాను. ఆ ఏడాది మీ గుమ్మం దగ్గరే ఎందుకు ఆగిపోయానో. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని దుంగల మీద నడిచినవాడు మా అన్న. అలాంటివాడు పక్క మీంచి లేవలేకపోతున్నాడంటే చూడలేకపోయాను. లోపలికి వస్తే చూడాల్సి వస్తుందని రాలేదు. కుక్కనూ అందుకే పంపించేశాను. పొద్దున్నే లేవబోయి పడిపోయేది. చూడలేకపోయాను. ఇది నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఒకటే.

వాన ముసురు పట్టాక నొప్పి ఎక్కువైనట్టుంది, మూలుగుతున్నాడు. నువ్వే రాశావుగా ఒకే జబ్బని, పేరు కూడా ఒకటేనని. అందుకని డాక్టరు పొట్లంతో పాటు నా మోకాళ్ల మాత్రలో కూడా వాడికి సగం పెడుతున్నాను. నాకు సగం, వాడికి సగం. మొదట బాగానే నిద్రపోయాడు. నిన్నటి నుంచి తిండి ముట్టలేదు. ఇవాళ రెండుసార్లు కక్కుకున్నాడు. కక్కుకుని, ఈడ్చుకుంటూ నా దగ్గరికే వచ్చి నా పాదం మీద తల పెట్టాడు. గది నిండా మనుషులున్నారు, పెద్దాయన ఉన్నాడు, అయినా నా దగ్గరికే వచ్చాడు. నువ్వు చదువుకున్నదానివి. నా దగ్గరికే ఎందుకొచ్చాడో చెప్పు.

(గుమాస్తా మనవి: ఈ చివరి మాటలు రాస్తూ, కక్కింది ఏ రంగులో ఉందని అడిగాను. కాఫీ గింజల పొడిలా నల్లగా ఉందన్నారు. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను. ఫోన్ కోసం పరిగెత్తుతున్నాను. ఇది నీ చేతికి వచ్చేసరికి మనం పశువుల ఆసుపత్రిలో కలుసుకునే ఉంటాం.)


జులై 8

చిన్నాన్న గారికి,

ఆసుపత్రి వరండాలో మీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మీరు బెంచీకి ఆ కొసన, నేను ఈ కొసన. మధ్యలో గుమాస్తా గారు, ఎవరి వైపు తిరగాలో తెలియక గోడ వైపు చూస్తూ. అక్కడ నోరు తెరిస్తే ఏమనేదాన్నో నాకే భయం వేసింది. ఇక్కడ రాస్తున్నాను.

మీ ఉత్తరం మర్నాడు వచ్చింది. అందులో రాసింది చదివాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు విషం. డాక్టరు మందుతో కలిపితే మరీను. కడుపులో పుళ్లు పడి రక్తం కారింది. ఈ మాట నేను ముందే రాసి ఉండాలి. నేను రాసింది వేరే. ఒకే జబ్బు అని రాశాను, మిమ్మల్ని పొడవడానికి. అది మందు సంగతి కాదు, తిట్టు. మీరు తిట్టును కూడా చెప్పింది చెప్పినట్టు పాటించారు. నేను వచ్చి చేయి పట్టి చూపించి ఉంటే ఇది జరిగేది కాదు. మీ మొహం చూడకూడదన్న పంతం నాది. ఆ పంతానికి సెలైన్ ఎక్కించుకుంది దొర. ఇది రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో గుమాస్తా గారి గొంతులో మీకు తెలియదు. తెలియకపోతేనే మంచిది.

దీంతో లెక్క సరిపోయిందని మాత్రం అనుకోకండి. నాన్నను చూడలేక గుమ్మం దగ్గర ఆగిపోయానని రాశారు. అమ్మకు చదివి వినిపించాను. అమ్మ కళ్లు తుడుచుకుని, 'పాపం' అంది. నేను అనను. చూడలేకపోవడం మీ బాధ. చూడనివాళ్ల కోసం తల తిప్పి ఎదురుచూడటం నాన్న బాధ. రెండూ ఒకటి కావు. మీకు భయం వేసిందని నాన్న ఒంటరిగా ఉండాల్సి వచ్చింది. మీకు భయం వేసిందని దొర లారీ ఎక్కాడు. భయపడ్డవాళ్లందరూ మంచివాళ్లయిపోతే ఇక తప్పు చేసినవాళ్లెవరూ ఉండరు.

నిజం చెప్పాలంటే ఆ ఉత్తరంలో నాకు ఒళ్లు మండించింది మాత్రల సంగతి ఒక్కటే కాదు. శభాష్ అంటేనే నాలుగో రీపరు దాటతాడు అని రాశారే, అది. మీకు శిక్ష వేద్దామని పంపాను. వీధిలో నలుగురూ నవ్వాలని పంపాను. మీరు దాన్ని మురిపెం చేసుకున్నారు. మా ఇంట్లో వాడు నా కోసం ఒక్క రీపరు కూడా మనసుపెట్టి దాటలేదు.

ఇక మీ ప్రశ్న. కక్కుకుని మీ దగ్గరికే ఎందుకొచ్చాడని అడిగారు. నా చదువులో దానికి జవాబు లేదు. డాక్టరును అడిగాను. రోజూ తమ ఒళ్లు పట్టేవాళ్ల దగ్గరికి వస్తాయమ్మా, అంతకుముందు ఏం చేశారన్నది చూడవు అన్నారు. అంటే దొర మిమ్మల్ని క్షమించాడని కాదు. వాడికి మీ మీద పగ అన్నదే లేదు. ఆ పగ వాడి తరఫున నేను పట్టుకుని ఉన్నాను. వదలను. ఈ కుటుంబంలో ఎవరో ఒకరికి గుర్తుండాలి. వాడు మిమ్మల్ని ప్రేమిస్తాడు, నేను గుర్తు పెట్టుకుంటాను. రెండూ మీరు భరించాలి.

డాక్టరు నిన్న తొడలు చూశారు. ఇంత జరిగినా, వెనకటి కంటే కాస్త కండ పట్టిందన్నారు. ఎవరు చేయిస్తున్నారని అడిగితే మా చిన్నాన్న అని చెప్పాను. మెచ్చుకున్నట్టు తల ఊపారు. ఆ మెప్పు మీకు అందించకుండా దాచుకుందామనుకున్నాను. దొర విషయంలో మళ్లీ ఏదీ దాచకూడదనిపించి రాస్తున్నాను.

పదిహేనో తేదీ పొద్దున్న వాడిని ఆసుపత్రి నుంచి పంపించేస్తారు. వాడికి కుదురుగా ఒక్క చోటే ఉండాలి, ఇక అటూ ఇటూ మార్చవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ముందు గదిలో ఉంచుకునేటట్టయితే నా షరతు ఒకటే. సాయంత్రం డ్యూటీ దిగి రోజూ వస్తాను. లోపలికి వస్తాను, గుమ్మం దగ్గర ఆగను. ప్రతి మందూ నా చేతి మీదుగా వెళ్లాలి. మీరు పిసుకుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తాను, తప్పు చేస్తే అందరి ముందే చెప్తాను. నాతో మాట్లాడాల్సిన పనిలేదు. కానీ వాడు బతికినన్నాళ్లూ రోజూ నా మొహం మీరు చూడాలి. ఎంతకాలమో తెలియదు. ఎక్కువ కాలమే కావాలని నా కోరిక, ఎందుకన్నది మీరు ఎలా అనుకున్నా సరే.

అది భరించలేనంటే అదీ చెప్పండి. నిష్ఠూరం ఆడను. మూడు అంతస్తులూ మోసుకుని ఎక్కిస్తాను, ఇన్నాళ్లూ ఎక్కించలేదా?

పద్నాలుగో తేదీ సాయంత్రంలోపు మీ జవాబు నాకు అందాలి. వ్యానువాడు పొద్దున్నే వస్తానన్నాడు. ఆసుపత్రి గేటు దాటాక ఎటు తిప్పాలో వాడికి చెప్పాలి.

మీ అన్న కూతురు